సగం గోనె రాగి

నర్సాపూర్ అడవి దాటాక తారురోడ్డు వదిలి బండ్ల బాట పట్టాం. 2025 మార్చి. తొమ్మిది కూడా కాలేదు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. బాటకు రెండు వైపులా యాసంగి వరి పొట్ట మీదుంది. కొంత దూరం పోయాక ఆ పచ్చదనం ఒక గట్టు దగ్గర టక్కున ఆగిపోయింది. గట్టు అవతలి మడులన్నీ గడ్డిరంగు. నెర్రెలిచ్చిన ఒక మడిలో మూడు మేకలు తీరిగ్గా మేస్తున్నాయి.

"కొట్టెటోళ్లు ఎవరూ లేరా?" అన్నాను.

"కొట్టి ఏం మిగిలించుకుంటం సార్? కనీసం మేకల కడుపన్న నిండనీ" అన్నాడు నన్ను బండి మీద తీసుకొచ్చిన రైతు.

మడుల నడుమ రెండు సిమెంటు స్తంభాలు, వాటికి అడ్డంగా ఇనుప చానళ్లు, చానళ్ల మీద ఇంకా రంగు మెరుస్తున్న 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. దాని కింద నేల మీద చాపంత నల్లటి మరక. నూనె ఇంకిన చోటు అది. అక్కడ గడ్డిపరక కూడా లేదు. ఫిబ్రవరి చివర్లో ఒక రాత్రి దొంగలు పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను కిందికి తోసి, మూత విప్పి, నూనె ఒంపేసి, లోపలి రాగి చుట్టలు కోసుకుని పోయారు. కొత్తది వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది.

నేను ఒక ఫ్యాక్టరీ భద్రతా విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. పోయిన వస్తువుకు విలువ కట్టడం నా ఉద్యోగంలో భాగం. కొత్తలో నేను రాసిన ఒక రిపోర్టు ఇప్పటికీ గుర్తుంది. కరెంటు ప్యానెళ్ల గదికి ఎర్తింగు కోసం వేసిన రాగి పట్టీని ఎవరో కోసుకుపోయారు. ఎన్ని అడుగులు పోయిందో కొలిచి, అడుగు ధరతో గుణించి, మొత్తం వేసి పంపాను. పై అధికారి ఆ కాగితం పక్కన పెన్సిలుతో ఒకే ప్రశ్న రాసి తిప్పి పంపాడు: పోయి ఎన్నాళ్లయింది? నాకు తెలియదు. ఎర్తింగు లేని ప్యానెళ్ల మీద ఎన్ని షిఫ్టులు నడిచాయో, ఎంతమంది చేతులు పెట్టారో ఎవరికీ తెలియదు. నేను రాసింది రాగి ధర. ఆయన అడిగింది నష్టం.

ఈ ఊరు మా పాత సహోద్యోగి సొంతూరు. ఫోను చేసి, "పంచనామాల ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదు రాసుకున్నరు, మా ఖరీదు మాత్రం ఎవలూ రాయలే. నువ్వొచ్చి రాయరాదు?" అన్నాడు. అందుకే నోటుపుస్తకం జేబులో పెట్టుకుని వచ్చాను.

కరెంటు పోయిందనుకున్నారు

ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు బోర్లున్నాయి. ఐదుగురు రైతులూ ఒక్కొక్కరే వచ్చి బోరు గడ్డ మీద కూర్చున్నారు. వీళ్లలో ఒకామె భర్త పోయాక సేద్యం తానే చూసుకుంటోంది. ఒకాయనది కౌలు సేద్యం.

"ఆ రాత్రి ఎవరికీ మెలకువ రాలేదా?" అన్నాను.

"వచ్చింది సార్. పదకొండు గొట్టంగ మోటరు చప్పుడు ఆగింది. కరెంటు పోయిందనుకున్న. వస్తే అదే ఎత్తుకుంటది గదా అని మళ్ల పండుకున్న" అన్నాడు అందరికన్నా దగ్గర్లో ఇల్లున్న రైతు.

అదే ఎత్తుకుంటదంటే ఆటో స్టార్టర్ మాట. తెలంగాణలో సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు బ్యాటరీ లైటు పట్టుకుని మడి గట్ల మీద తిరిగిన మనుషులు వీళ్లు. పాములు కరిచి, తడి చేత్తో స్టార్టర్ డబ్బా ముట్టుకుని పోయినవాళ్లను ప్రతి ఊరూ ఎరుగు. అలా రాత్రిళ్లు తిరిగే పని తప్పడం పెద్ద సుఖం. కానీ పొలాల్లో మనిషి సందడి కూడా దాంతోనే తగ్గింది. కరెంటు పోవడమూ ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ ఎవరో లాగెయ్యడమూ ఇంట్లో పడుకున్నవాడికి ఒక్కలాగే వినిపిస్తాయి. రెంటికీ గుర్తు మోటరు ఆగడమే.

ఇంతలో లైన్‌మన్ వచ్చాడు. ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పొలం నడుమకు ఎందుకొచ్చాయో అతను చెప్పాడు. వెనకటి రోజుల్లో ఊరికి దగ్గరగా ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. అక్కణ్నుంచి కిలోమీటర్ల కొద్దీ తక్కువ వోల్టేజి తీగలు లాగేవారు. చివరి బోరుకు చేరేసరికి వోల్టేజి పడిపోయేది, మోటర్లు కాలేవి, దారిలో కొక్కేలు తగిలించేవాళ్లు. దానికి విరుగుడే హెచ్‌వీడీఎస్ పద్ధతి. 11 కేవీ తీగనే పొలం దాకా తెచ్చి, నాలుగైదు మోటర్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. 11 కేవీ తీగకు కొక్కెం తగిలించే ధైర్యం ఎవరికుంటుంది? కరెంటు చౌర్యం తగ్గింది, తీగల్లో నష్టమూ తగ్గింది.

"కానీ సార్, ఒకప్పుడు ఊరి నడుమ అందరి కళ్ల ముందర ఉన్న సొమ్ము ఇప్పుడు ముక్కలు ముక్కలై మనిషి లేని చెలకలకు వచ్చింది" అన్నాడు లైన్‌మన్.

ఫ్యాక్టరీలో ఇలాంటివి చాలా చూశాను. ఒక దొంగదారి మూస్తే ఇంకో దారి తెరుచుకుంటుంది. దారి మూసినవాళ్ల లెక్కల్లో లాభం పడుతుంది. తెరుచుకున్న దారిలో నష్టం మరొకరి ఇంటికి పోతుంది.

నాలుగు కూడికలు, ఒక తీసివేత

నోటుపుస్తకంలో గీతలు గీశాను. భద్రతా రంగంలో ఆస్తి నష్టానికి ఒక లెక్క ఉంది. 1955లో అమెరికాలో పుట్టిన ఏసిస్ అనే పారిశ్రామిక భద్రతా నిపుణుల సంఘం దాన్ని తన వాళ్లకు నేర్పుతుంది. నాలుగు కలపాలి, ఒకటి తీసెయ్యాలి. పోయిన వస్తువు స్థానంలో శాశ్వతంగా కొత్తది పెట్టే ఖర్చు ఒకటి. అది వచ్చేదాకా తాత్కాలికంగా పని నడుపుకునే ఖర్చు రెండు. దాని చుట్టూ తిరిగే తిరుగుళ్లు, దించడాలు, ఎక్కించడాలు మూడు. ఆగిన పని వల్ల రాకుండా పోయిన ఆదాయం నాలుగు. ఈ మొత్తంలోంచి బీమాగా చేతికొచ్చే డబ్బు తీసెయ్యాలి. మిగిలిందే నష్టం.

మొదటి గడి తొందరగానే నిండింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థ ఇచ్చింది, రైతులకు ఖర్చు లేదు. ఆ ఖర్చు గాలిలోంచి మాత్రం రాదు. సంస్థ ఏటా నియంత్రణ మండలి ముందు పెట్టే ఆదాయ అవసరాల లెక్కలోకి చేరి, కొంత బిల్లులుగా, కొంత ప్రభుత్వ సబ్సిడీగా తిరిగొస్తుంది. హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చున్న నాకూ అందులో ఒక వాటా ఉంది.

రెండో గడి దగ్గర అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

బావిలో నీళ్లయితే డీజిల్ ఇంజను పెట్టొచ్చు. బోరులో వందల అడుగుల లోతున దింపిన సబ్‌మెర్సిబుల్ మోటరుకు అది పనికిరాదు. ట్రాక్టర్‌తో తిప్పే జనరేటర్ కావాలి. దానికి కిరాయి, డీజిల్ వేరు. ఇద్దరు తెచ్చుకున్నారు, రెండు రోజులకు చేతులెత్తేశారు. ముగ్గురు పక్క ట్రాన్స్‌ఫార్మర్ రైతులను బతిమాలి వైరు లాక్కున్నారు. అప్పటికే దాని మీద ఐదు మోటర్లున్నాయి. వంతులు పెట్టుకున్నా ఒకరి వంతులో ఇంకొకరి ఆటో స్టార్టర్ మోటరును ఎత్తుకునేది. వోల్టేజి పడిపోయి, నాలుగో నాటికి ఒక మోటరు కాలింది. అదీ వీళ్లది కాదు, జాలిపడి వైరిచ్చినాయనది.

"గా మోటరు పైకి తీసుడు చూసిన్రా సార్ ఎప్పుడన్న?" అంది ఆమె. "ముక్కాలి నిలబెట్టి, ఒక్కొక్క పైపు గుంజి, ఇప్పి, పక్కకు పెట్టాలె. నలుగురు మొగోళ్లకు పొద్దంత పని. మోటరు చుట్టించుడు ఒక ఖర్చు, గీ కైకిళ్లు ఒక ఖర్చు. మా కోసం ఇచ్చినందుకు ఆయనకు కాలిపాయె. సగం మేం పెట్టుకున్నం. సగమే పెట్టుకుంటిమని ఇప్పటికీ మొకం చూస్తే సిగ్గైతది."

ఆమె చివరన్న మాటకు నా దగ్గర గడి లేదు.

మూడో గడిలో రాసినవి: పోలీసు ఠాణాకు రెండు తిరుగుళ్లు, ఎఫ్‌ఐఆర్ నకలు కోసం ఇంకోటి, సబ్‌స్టేషన్‌కు రోజూ ఒకరు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ తేవడానికి ట్రాక్టర్ వీళ్లే పంపారు, తొందర వీళ్లది కాబట్టి. దాన్ని పైకెత్తే రోజు ఐదిళ్ల మనుషులూ అక్కడే ఉన్నారు. పాతది కింద పడినప్పుడు తెగిన కేబులు, పగిలిన ఫ్యూజు డబ్బా వేరే.

నాలుగో గడికి కౌలు రైతును పక్కన కూర్చోబెట్టుకున్నాను. మూడెకరాలు. చెలక నేల, నీళ్లు నిలవవు. రెండు రోజులకోసారి తడి అందకపోతే అడుగు కనిపిస్తుంది. పైరు చిరుపొట్ట దశలో ఉన్నప్పుడు పదకొండు రోజులు నీళ్లాగాయి. వరికి నీటి ఎద్దడి ఎక్కువ కోత పెట్టే దశల్లో అదొకటి. ఆకు మళ్లీ పచ్చబడొచ్చు కానీ గింజ తాలవుతుంది. ఒకెకరం పూర్తిగా వదిలేశాడు, మేకలు మేస్తున్నది అదే. ఎకరానికి ఇరవై రెండు క్వింటాళ్లు వస్తాయనుకున్నాడు. మిగిలిన రెండెకరాల్లో పదహారు వస్తే గొప్ప అంటున్నాడు. అంటే వదిలేసిన ఎకరంలో 22, మిగిలిన రెండింటిలో 12, కలిపి 34 క్వింటాళ్లు. 2024–25కు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. గుణిస్తే 78,880.

ఆ అంకె కింద గీత గీస్తుంటే అతను నా చేతిని ఆపాడు. "కౌలు ముందుగాల్నే కట్టిన సార్. అది యాడ రాస్తరు? హార్వెస్టర్ గంటకింత అని తీసుకుంటడు. తాలు కోసినా అంతే, గింజ కోసినా అంతే. అది యాడ రాస్తరు?"

నిజానికి అవి కొత్త ఖర్చులు కావు, పంట పండినా పెట్టేవే. లెక్కల మనిషిగా వాటిని మళ్లీ కలపకూడదు. కానీ రావలసింది రాకపోయాక, పెట్టిన ప్రతి రూపాయీ మనిషికి రెండోసారి పోయినట్టే అనిపిస్తుంది. అతను చెప్పినవన్నీ పక్కన రాసుకున్నాను, కలపలేదు. ఇది ఐదుగురిలో ఒకరి లెక్క.

ఇక తీసివేత. పంట బీమా కరువుకూ వడగండ్లకూ తెగులుకూ ఉద్దేశించింది. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల్లోనే, ఎవరో కావాలని చేసిన నష్టమూ నివారించగలిగిన నష్టమూ దాని పరిధిలోకి రావని ఉంది. రైతుబీమా రైతు ప్రాణానికి, పంటకు కాదు. తీసివేత గడిలో సున్న పెట్టాను.

బొక్కల గూడు

మధ్యాహ్నం లైన్‌మన్ బండి వెనక కూర్చుని ట్రాన్స్‌ఫార్మర్ల రిపేరు షెడ్డుకు పోయాను. రేకుల కొట్టం, గడప దగ్గర్నుంచే నూనె వాసన. ఒక మూల కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఇంకో మూల, గోడవారగా, మూతల్లేనివి ఏడెనిమిది పడి ఉన్నాయి. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వాటి వైపు నడిచాడు.

"కాలింది దవాఖానకొచ్చిన రోగి లెక్క సార్. చుట్టలు మారుస్తం, నూనె పోస్తం, లేచి కూసుంటది. గివి బొక్కల గూళ్లు."

ఒక డొల్లలోకి వంగి చూశాను. పైన ఉండాల్సిన పింగాణీ బుషింగులు మొదలంటా విరిగి ఉన్నాయి. పక్కనున్న రేకు గొట్టాలు పడ్డప్పుడు నొక్కుకుపోయాయి. లోపలి కోరు పలచటి ఉక్కు రేకుల దొంతర. వానకు తడిసి ఎండిన పుస్తకంలా రేకులు విచ్చుకున్నాయి. అంచుల నిండా గొడ్డలి గాట్లు.

"ఒక్కసారి గాటు పడ్డదా, గా రేకు మళ్ల పనికిరాదు. వాడిక్కావాల్సింది చుట్టిన తీగ. దాని కోసం మొత్తం చంపుతడు."

ఎదురు బల్ల మీద ఒక కుర్రాడు కొత్త చుట్ట చుడుతున్నాడు. కాగితం తొడుగున్న తీగను వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, చెక్క దిమ్మె తిప్పుతూ, వరస మీద వరస వేస్తున్నాడు. లెక్క తప్పితే వోల్టేజి తప్పుతుంది. అందుకే ఎవరు పలకరించినా తలెత్తలేదు. చుట్టాక పొయ్యిలో పెట్టి తేమంతా పోయేదాకా ఆరబెడతారు. నూనెను వడకట్టి, రెండున్నర మిల్లీమీటర్ల ఎడంతో రెండు గుండ్లు అందులో ముంచి, ఎన్ని కిలోవోల్టుల దగ్గర చిట్లుతుందో చూస్తారు. తేమ చుక్క ఉన్నా ముందే చిట్లుతుంది. నేల మీద నేను చూసిన నల్లటి మరక, ఇంత జాగ్రత్తగా చేసిన నూనె.

మేస్త్రి ఇంకో డొల్లను కాలితో తట్టాడు. "గిది చూడుండ్రి. గిండ్ల రాగి కాదు, అల్యూమినియం. రెండు రకాలూ ఉంటయి. మూత తీసేదాకా దొంగకు కూడ తెల్వది. తీసినంక చూసి, కోపమొచ్చి, సగం కోసి పడేసి పోయిండు."

ఆ డొల్ల ముందు చాలాసేపు నిలబడ్డాను. దొంగకు చేతికొచ్చింది దాదాపు ఏమీ లేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద బతికిన ఊళ్లో మాత్రం మోటర్లు అన్నే రోజులు ఆగి ఉంటాయి. పొట్ట మీదున్న వరికి లోపల ఉన్నది రాగా అల్యూమినియమా అన్న తేడా లేదు. దొంగ లాభానికీ సొంతదారు నష్టానికీ అసలు చుట్టరికమే లేదు. అయినా మనం కాపలా పెట్టేటప్పుడు దొంగ కళ్లతోనే చూస్తాం. దొంగకు ఎంత దొరుకుతుందో దాన్నిబట్టి తాళం సైజు తేలుస్తాం. ఫ్యాక్టరీలో నేనూ అదే చేశాను. వెండి కాంటాక్టులున్న గదికి రెండు తాళాలు వేయించి, ఎర్తింగు పట్టీని ఆరుబయట వదిలేశాను.

లైన్‌మన్ ఇంకో మాట చెప్పాడు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ల స్థానంలో వెంటనే పెట్టడానికి కొన్ని చేతిలో ఉంచుకుంటారు. వాటిని రోలింగ్ స్టాక్ అంటారు. కాలినది షెడ్డుకు వస్తుంది, బాగై మళ్లీ ఆ వరసలో చేరుతుంది. పేరుకు తగ్గట్టు తిరుగుతూనే ఉంటుంది. దొంగలు కోసింది తిరిగి రాదు, వరసలో ఒకటి తగ్గిపోతుంది. "ఎండాకాలం లోడు పెరిగి నాలుగు కాలినయనుకోండ్రి. నాలుగో ఊరోడు ఆగాల్సి వస్తది. ఎందుకు ఆగిండో వానికి తెల్వది. వాని మడి ఎండడానికి ఈ ఊరి దొంగతనం కారణమని ఎవలకు తెల్వది."

2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ తీగలూ సామగ్రీ దొంగిలించేవాడికి మూడేళ్ల దాకా జైలు పెట్టింది, లాభం కోసం చేశాడా లేదా అన్నదాంతో పని లేకుండా. మళ్లీ దొరికితే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా. దొంగసొత్తని తెలిసి తీసుకున్నవాడికి 137వ సెక్షన్. కానీ కేసు కాగితంలో సొత్తు విలువ అన్న గడి ఒక్కటే. నాలుగో ఊరివాడి మడి అందులో పట్టదు.

తాళంచెవి

సాయంత్రం మళ్లీ పొలానికి వచ్చాం. ట్రాన్స్‌ఫార్మర్‌ను చానళ్లకు వెల్డింగు చేసి పడేద్దామని కొందరు రైతులు పట్టుబట్టారట. లైన్‌మన్ ఒప్పుకోలేదు. లోపల ఉన్నది నూనె, పైన నిప్పురవ్వ. పైగా రేపు కాలిపోతే దించడానికి గ్యాస్ కట్టర్ తేవాలి, అదో పూట ఆలస్యం. కాపలా కూడా ఖర్చే, అదీ ఏదో ఒక గడిలో పడుతుంది. చివరికి చానల్ చుట్టూ లావుపాటి గొలుసు తిప్పి తాళం వేశారు. పది రోజుల పాటు ఇంటికొకరు చొప్పున రాత్రిళ్లు కాపలా పడుకున్నారు. తర్వాత కూలి పనులు చెడుతున్నాయని మానేశారు.

"ఎవరి మీదన్నా అనుమానముందా?" అని అడిగాను. అందరూ అటూ ఇటూ చూశారు. పాత ఇనుప సామాన్లు తీసుకుని ఉల్లిగడ్డలిచ్చే పిలగాడొకడు మోపెడ్ మీద వచ్చేవాడట. దొంగతనం అయిన మూడో నాడు ఊళ్లో నలుగురు అతన్ని ఆపి సంచులు విప్పించారు. వాటిలో పగిలిన ప్లాస్టిక్ బకెట్లు, సైకిలు రిమ్ము, గునపం ముక్క ఉన్నాయి. ఇంకేం లేదు. అతను మళ్లీ రాలేదు.

"ఆ పిలగాడు కాదు సార్, అప్పుడే తెలిసింది మాకు" అంది ఆమె. "మా దొడ్డిల పాత రేకులు అట్లనే పడి ఉన్నయి. వానికే ఇద్దామనుకున్న."

ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గర్లో ఇల్లున్న రైతు మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి చూపించాడు. రాత్రి ఏదైనా అయితే అందుబాటులో ఉండాలని తాళానికి రెండు చెవులు పెట్టుకున్నారు. ఒకటి ఇతని దగ్గర, ఇంకోటి లైన్‌మన్ దగ్గర.

"ఇప్పుడు నిద్ర పడుతోందా?" అన్నాను.

"మోటరు ఆగితే లేస్తున్న. లేచి, లైటేసుకుని ఇక్కడిదాక వచ్చి, గొలుసు గుంజి చూసి పోతున్న. నిన్న రాత్రి రెండుసార్లు వచ్చిన. రెండుసార్లూ కరెంటే పోయింది." కాసేపు ఆగి, "వచ్చే నెల మా బిడ్డ ఆడబిడ్డ పెండ్లి. సంగారెడ్డి అవతల. రెండు రాత్రులు ఉండాలె. చెవి ఎవలకియ్యాల్నో సోంచాయిస్తున్న" అన్నాడు.

నోటుపుస్తకం తెరిచి ఉంది. నాలుగు కూడికలు, ఒక తీసివేత. ఆ మాట ఎక్కడ రాయాలో తోచక, కింది అంచున, గీతలకు బయట రాసుకున్నాను.